పొలంలో వేయకముందే సంకరం దిగుబడిని చెప్పవచ్చా?

ప్రశ్న: నేను వ్యవసాయ శాస్త్రం చదువుతున్నాను. తల్లిదండ్రుల డి.ఎన్.ఏ. సమాచారం ఉంటే, ఇంకా తయారు కూడా చేయని సంకర వంగడం దిగుబడిని అంచనా వేయవచ్చనీ, ఆ అంచనా ఖచ్చితత్వం 0.8 వరకు ఉంటుందనీ ఒక వ్యాసంలో చదివాను. ఇదెలా సాధ్యం? ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు: నమ్మవచ్చు, అయితే ఆ 0.8ని ఏ సంకరాల మీద లెక్కించారో తెలుసుకున్న తరువాతే నమ్మాలి. అసలు ఈ అంచనాల అవసరం ఎందుకు వచ్చిందో ముందు చూద్దాం.

కొత్త వంగడాలు తయారుచేసే ప్రజనన శాస్త్రవేత్త దగ్గర 200 శుద్ధ వంశాలు (తరతరాలుగా స్వపరాగ సంపర్కంతో స్థిరపరచిన వంశాలు) ఉన్నాయనుకోండి. ఏది తల్లి, ఏది తండ్రి అన్న తేడాను పక్కన పెట్టినా వాటి నుంచి 19,900 జతలు ఏర్పడతాయి. ప్రతి జతకూ పరాగసంపర్కం చేయించి, విత్తనం తీసి, వేర్వేరు నేలల్లో, వేర్వేరు సీజన్లలో పరీక్షించడం ఎంత పెద్ద సంస్థకైనా అయ్యే పని కాదు. పోనీ, తల్లిదండ్రుల దిగుబడిని బట్టి సంకరాన్ని ఎంచుకుందామంటే, మొక్కజొన్నలో అది సరైన దారి చూపదు. స్వపరాగ సంపర్కం వల్ల తరతరాలుగా నీరసించిన వంశాలను ఒకదానితో ఒకటి కలిపితే తొలి తరం మొక్కలు ఏపుగా పెరుగుతాయని అమెరికన్ శాస్త్రవేత్త జార్జ్ షల్ 1908 నుంచి వరుసగా ప్రకటించిన పరిశోధనలే చాటాయి. ఈ సంకర తేజం ఏ జతలో ఎంత ఉంటుందో తల్లినీ తండ్రినీ విడివిడిగా చూసి చెప్పలేము.

అయితే శుద్ధ వంశాలతో ఒక గొప్ప వెసులుబాటు ఉంది. వాటిలో దాదాపు ప్రతి జన్యుస్థానంలోనూ రెండు ప్రతులూ ఒకేలా ఉంటాయి. ఒక మార్కర్ (వంశాల మధ్య తేడా చూపే డి.ఎన్.ఏ. గుర్తు) దగ్గర డి.ఎన్.ఏ. అక్షరాలు తల్లికి ఏ-ఏ, తండ్రికి జి-జి ఉంటే, సంకరానికి ఏ-జి తప్ప మరొకటి రావడానికి వీలులేదు. అందువల్ల 200 వంశాల డి.ఎన్.ఏ. చదివితే చాలు, ఒక్క గింజ కూడా పుట్టకముందే 19,900 సంకరాల జన్యు స్వరూపం మన చేతికి వస్తుంది. ఈ రంగం మొత్తంలో నాకు అన్నిటికంటే అందంగా తోచే విషయం ఇదే.

ఆ సంకరాలలో కొన్ని వందలను నిజంగా తయారుచేసి, పొలంలో దిగుబడి కొలిచి, ఏ మార్కర్ దగ్గర ఏ ప్రతి ఉంటే దిగుబడి ఎంత మారిందో లెక్కకడతారు. మార్కర్లు వేలల్లోనూ కొలిచిన సంకరాలు వందల్లోనూ ఉంటాయి కనుక మామూలు రిగ్రెషన్ (ఒక్కో అంశం ఫలితాన్ని ఎంత మారుస్తుందో లెక్కకట్టే గణాంక పద్ధతి) ఇక్కడ పనికిరాదు; ప్రతి మార్కర్ ప్రభావాన్నీ సున్నా వైపు కొంత కుదించే పద్ధతులను వాడతారు. మొక్కజొన్న సంకరాల దిగుబడిని మార్కర్ల సాయంతో అంచనా వేయవచ్చని రెక్స్ బెర్నార్డో 1994లోనే చూపారు. వరిలో షిజోంగ్ షూ బృందం 2014లో ప్రచురించిన పని మంచి ఉదాహరణ. 210 వంశాల నుంచి తయారైన 278 సంకరాల కొలతలను ఆధారంగా తీసుకుని, ఏర్పడగల మొత్తం 21,945 సంకరాలకూ వారు అంచనాలు కట్టారు; వాటిలో మేటి 100 సంకరాల సగటు దిగుబడి, మొత్తం సంకరాల సగటు కంటే 16 శాతం ఎక్కువగా ఉంటుందని ఆ లెక్కలో తేలింది.

ఇక 0.8 సంగతి. అది అంచనాకూ పొలంలో కొలిచిన దిగుబడికీ మధ్య ఉన్న సహసంబంధ గుణకం, అంటే రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె; పూర్తిగా కలిసి నడిస్తే అది 1. దాన్ని వర్గం చేస్తే 0.64 వస్తుంది, అంటే సంకరాల మధ్య తేడాలలో మూడో వంతుకు పైగా అంచనాకు అందలేదన్నమాట. పైగా కొందరు ఆ గుణకాన్ని అనువంశికత (పొలంలో కనిపించే తేడాలలో జన్యువుల వల్ల వచ్చే వాటా) వర్గమూలంతో భాగించి ప్రకటిస్తారు. అనువంశికత 0.64 అయినప్పుడు, పొలంలో కనిపించిన 0.6 కాస్తా కాగితం మీద 0.75 అవుతుంది. ఇది తప్పు పద్ధతేమీ కాదు, కాని ఏ అంకెను చూపుతున్నారో పాఠకుడికి స్పష్టంగా చెప్పాలి.

ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. పరీక్షకు పెట్టిన సంకరాల తల్లిదండ్రులు, లెక్క నేర్పడానికి వాడిన సంకరాలలో ఉన్నారా, లేదా? తల్లి, తండ్రి ఇద్దరూ వేరే జతలలో ఇప్పటికే పొలం చూసి ఉంటే అంచనా చాలా బాగుంటుంది; ఒక్కరే చూసి ఉంటే తగ్గుతుంది; ఇద్దరూ కొత్తవారైతే మరీ తగ్గుతుంది. దత్తాంశాన్ని యాదృచ్ఛికంగా రెండుగా విడగొట్టి పరీక్షించినప్పుడు ఎక్కువ సంకరాలు మొదటి కోవలోకే వస్తాయి. నిజమైన ప్రజనన కార్యక్రమంలోనేమో ఏటేటా కొత్త వంశాలు వస్తాయి కాబట్టి, మనకు అసలు కావలసింది చివరి కోవలోని అంచనా. మీరు చదివిన వ్యాసంలో ఈ విభజన లేకపోతే ఆ 0.8 మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఏ పద్ధతి వాడినా పొలం పరీక్షలు తప్పవు, ఎందుకంటే ఒక వాతావరణంలో నేర్చిన మార్కర్ ప్రభావాలు కరవు ఏడాదిలో అలాగే నిలుస్తాయన్న హామీ లేదు. వేల జతలలో ఏ వందను పొలానికి తీసుకువెళ్లాలో చెప్పడమే ఈ అంచనాల పని, ఆ పనిని అవి బాగా చేస్తాయి.

ప్రశ్న: ఇంత లెక్క ఎందుకు? జన్యుపరంగా ఎంత దూరపు వంశాలను కలిపితే అంత మంచి సంకరం రాదా?

జవాబు: కొంతవరకే వస్తుంది. దగ్గరి బంధువులను కలిపితే సంకర తేజం తక్కువగా ఉంటుందన్నది నిజం. కాని వేర్వేరు వర్గాలకు చెందిన వంశాలను కలిపేటప్పుడు, ఉదాహరణకు ఐరోపా మొక్కజొన్నలో డెంట్ (గింజ మీద నొక్కు ఉండేది), ఫ్లింట్ (గట్టి గింజది) వర్గాల మధ్య, జతలన్నీ ఎలాగూ దూరపువే కనుక దూరాన్ని కొలిచి వాటిలో మేలైనదాన్ని గుర్తించడం కష్టం. దూరం అన్ని మార్కర్లనూ సమానంగా లెక్కిస్తుంది, దిగుబడితో సంబంధం లేనివాటిని కూడా. మరీ దూరపు వంశమైతే ఆ ప్రాంతపు పగటి నిడివికీ చలికీ అలవాటుపడని జన్యువులను కూడా వెంట తెస్తుంది. అందుకే ఎంత తేడా ఉందన్నదానికంటే ఏ చోట తేడా ఉందో, ఆ తేడా దిగుబడిని ఎటు నడుపుతుందో లెక్కించడం అవసరమవుతుంది.