ముప్పయి రెండు డిగ్రీలకే ఎర్రజెండా ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉంటాడు. జూన్ నెలలో మేము అక్కడికి వెళ్లినప్పుడు ఎండ 32 డిగ్రీలు దాటలేదు, చెమట పట్టలేదు, నీడలో నిలబడితే హాయిగా ఉండేది. అయినా ఒక ఉదయం ఫోనులో ‘రెడ్ ఫ్లాగ్ వార్నింగ్’ వచ్చిందని చెప్పి, ఇంటి వెనుక చెక్క వసారాలో నేను పెట్టిన దీపాన్ని కూడా అబ్బాయి కొండెక్కించమన్నాడు. మా ఊళ్లో 44 డిగ్రీల ఎండలోనూ తులసికోట దగ్గర దీపం వెలుగుతూనే ఉంటుంది. అంత మాత్రపు ఎండకు అంత భయం అవసరమా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అవసరమేనమ్మా. మీ అబ్బాయి చేసింది సరైన పని. ఆ హెచ్చరిక కార్చిచ్చు ప్రమాదం గురించినది, ఎండను బట్టి ఇచ్చేది కాదు. గాలిలో తేమ బాగా తగ్గి, గాలి విసురు పెరిగి, నేల మీద గడ్డీ పుల్లా ఎండి ఉన్నప్పుడు అక్కడి జాతీయ వాతావరణ సంస్థ దాన్ని ప్రకటిస్తుంది. కొలతలు ప్రాంతాన్ని బట్టి మారినా, కొలరాడోలో సాధారణంగా తేమ (ఆ వేడిలో గాలి పట్టుకోగల ఆవిరిలో నిజంగా ఉన్న భాగం) 15 శాతానికి మించకుండా, గాలి తెరలు గంటకు 25 మైళ్లు (సుమారు 40 కిలోమీటర్లు) దాటుతూ కొన్ని గంటలపాటు నిలిచే పరిస్థితిని ప్రమాదకరంగా లెక్కిస్తారు.

మీకు హాయిగా అనిపించిన ఆ చెమట పట్టకపోవడమే ఇక్కడ అసలు సంగతి. చెమట పట్టక కాదు, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతోంది. అడవిలోని ఎండుపుల్ల నుంచీ తేమ అలాగే పోతోంది. తెల్లవారుజామున 10 డిగ్రీల చలిలో 60 శాతం తేమ ఉన్న గాలి, కొత్తగా నీటి ఆవిరి ఏమీ చేరకుండా మధ్యాహ్నానికి 32 డిగ్రీలకు వేడెక్కితే, దాని తేమ 15 శాతం దగ్గరికి పడిపోతుంది. సముద్రపు ఆవిరి అందే విజయవాడలో ఉక్కపోసే రోజున 38 డిగ్రీల ఎండలో కూడా తేమ దాదాపు సగం ఉండవచ్చు. అందువల్ల ఒళ్లు పడే బాధను బట్టి మంట ప్రమాదాన్ని అంచనా వేయలేము. అగ్గిపుల్లంత సన్నని పుల్ల ఒక గంటలోనే చుట్టూ ఉన్న గాలి పొడితనాన్ని పట్టుకుంటుంది. జానెడు లావు దుంగకు వెయ్యి గంటల దాకా, అంటే నెల పైచిలుకు పడుతుంది. కొండమీది మంచు త్వరగా కరిగి, మే నెల వానలు కూడా ముఖం చాటేసిన ఏడాది జూన్ వచ్చేసరికి ఆ దుంగలు సైతం మండడానికి సిద్ధమవుతాయి.

ఇక గాలి. వేసవి తొలినాళ్లలో ఆకాశంలో చాలా ఎత్తున వీచే బలమైన పడమటి గాలులు ఇంకా ఉత్తరానికి పూర్తిగా తప్పుకోవు. రాత్రంతా నేలను అంటిపెట్టుకున్న చల్లగాలి వాటిని పైనే ఆపుతుంది. పొద్దెక్కి నేల కాగిన తరువాత ఆ పొర చెదిరిపోయి, పైగాలి కిందికి దిగుతుంది. ఉదయం ఆకు కదలని చోట మధ్యాహ్నం రెండు గంటలకు తలుపులు కొట్టుకోవడానికి కారణం ఇదే. కొండ వాలు మీదుగా దిగే గాలి ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతూ మరింత పొడిబారుతుంది కూడా. 2002 జూన్ 8న కొలరాడోలో మొదలైన హేమన్ కార్చిచ్చు మరునాడే ఇలాంటి గాలి దొరికి, ఒక్క రోజులో, సుమారు 60,000 ఎకరాలను చుట్టేసింది. చివరికి అది కాల్చినది దాదాపు 1,38,000 ఎకరాలు.

మీ నంద్యాలకు దగ్గరలోని నల్లమలలోనూ వేసవిలో మంటలు వస్తాయి కదా అని మీరు అడగవచ్చు. అక్కడ ఎక్కువగా రాలిన ఆకు, ఎండుగడ్డి నేలబారుగా కాలుతూ పోతాయి. కొలరాడో కొండల్లో జిగురు నిండిన పైన్ జాతి చెట్లు దట్టంగా పెరిగిన చోట, మంట కింది కొమ్మలను నిచ్చెన చేసుకుని చిటారుకు ఎక్కి, చెట్టు నుంచి చెట్టుకు దూకుతుంది. నిప్పురవ్వలు గాలిలో మైలు దూరం పోయి కూడా కొత్త మంటను రాజేయగలవు. పైగా అక్కడి ఇళ్లు చెక్కతో కట్టినవి. మీ తులసికోట చుట్టూ సిమెంటు నేల ఉంటుంది, ఆ వసారా నేలే కట్టె. దీపం ఇంట్లో దేవుడి దగ్గర, మీ కళ్లెదుట పెట్టుకోండి. గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం ఎండగానే తీసేయండి, కొబ్బరిపీచు పట్టాను ఆ రోజుల్లో లోపల పెట్టండి, చూరు కాలువల్లో పేరుకున్న పైన్ చెట్ల సూది ఆకులను అబ్బాయి చేత తీయించండి. చాలా ఇళ్లు పెద్ద మంట తాకిడికి కాకుండా, ఇలాంటి చోట్ల వచ్చి వాలిన చిన్న రవ్వల వల్లనే అంటుకుంటాయి.

ప్రశ్న: ఉరుములతో మబ్బు కమ్మితే వాన పడి మంట ఆరాలి. మా వైపు ఉరుములు వచ్చే రోజుల్లోనే కార్చిచ్చు గురించి ఎక్కువగా హెచ్చరిస్తారు. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఫీనిక్స్, అరిజోనా

జవాబు: జూన్ చివరలో అక్కడి ఉరుము మబ్బు చాలా ఎత్తున ఉంటుంది. దాని నుంచి జారిన చినుకులు కింది పొడిగాలిలో నేలను చేరకముందే ఆవిరైపోతాయి. దూరం నుంచి చూస్తే మబ్బు కింద వేలాడే బూడిదరంగు తెరలు అవే. మెరుపు మాత్రం ఆవిరైపోదు, నేలకు దిగి నిప్పు పెడుతుంది. చినుకు ఆవిరైనప్పుడు చల్లబడి బరువెక్కిన గాలి కిందికి కూలి, నేలను తాకి నాలుగు దిక్కులకూ దూసుకుపోతుంది. మన ఊళ్లలో వానకు ముందు వచ్చే ఆ చల్లని విసురుకు అందరమూ వాకిట్లోకి వచ్చి నిలబడతాము. మంట దగ్గర ఉన్నవారికి అదే విసురు ప్రాణాంతకం.

2012 జూన్ 23న కొలరాడో స్ప్రింగ్స్ పక్కన వాల్డో కాన్యన్‌లో మొదలైన మంట మూడు రోజులు కొండల్లోనే ఉంది. 26వ తేదీన ఊళ్లో ఎండ 38 డిగ్రీలు దాటి, సాయంత్రం కూలిన ఒక ఉరుము మబ్బు నుంచి గంటకు 65 మైళ్ల దాకా గాలి తెరలు వీచి, మంటను వాలు మీదుగా ఇళ్ల మధ్యకు తోశాయి. దాదాపు 350 ఇళ్లు కాలిపోయాయి, ఇద్దరు మరణించారు. మీ అరిజోనాలోని యార్నెల్ కొండ మీద 2013 జూన్ 28న పిడుగు రాజేసిన మంటలో రెండు రోజుల తరువాత జరిగినది మరింత ఘోరం. ఉరుముల గాలి మంట దిశను మార్చివేయగా, ప్రెస్కాట్ నుంచి వచ్చిన గ్రానైట్ మౌంటెన్ దళంలోని 19 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వారు అనుభవం లేనివారు కారు. గాలి మారడానికీ మంట వారిని చేరడానికీ మధ్య దొరికిన సమయం అంత తక్కువ.

మీ వైపు నైరుతి రుతుపవనాల వంటి వ్యవస్థ మెక్సికో మీదుగా తేమను మోసుకొచ్చేది సాధారణంగా జూలై మొదటి రోజుల్లో. ఆ తేమ నిలదొక్కుకునే దాకా ఉరుము వినిపిస్తే వాన అనుకోకండి. సమీపంలో కార్చిచ్చు ఉండి, గాలి దాన్ని మీకు దూరంగా తోస్తున్నట్టు కనిపించినా సరే, మబ్బు దగ్గరకు వస్తూంటే పాస్‌పోర్టులు, మందులు, పెద్దవాళ్లను కారులో ఎక్కించి, అధికారుల ఆదేశం కోసం వేచి ఉండకుండా ముందే బయలుదేరండి.