నాలుగో అంతస్తులో కోయిల

ప్రశ్న: కోనసీమ నుంచి హైదరాబాద్ వచ్చి ఏడాదైంది. నాలుగో అంతస్తులో ఉంటాం. హారన్లు తప్ప పిట్ట కూత వినబడదు. ఈ ఊళ్లో ప్రకృతిని ఎక్కడ వెతుక్కోవాలి?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: అమ్మా, ముప్ఫై ఏళ్ల కిందట నేనూ ఇదే బెంగ పెట్టుకున్నాను. రేపు తెల్లవారుజామున ఐదున్నరకు బాల్కనీలో పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. అప్పటికింకా హారన్లు జోరందుకోవు. ముందు కాకులు, ఆ వెనక గోరింకలు. వేసవిలో కోయిల. ‘కూ’ అంటూ స్వరం పెంచుకుంటూ పోయేది నల్లటి మగపక్షి. ఒంటినిండా చుక్కలున్న ఆడకోయిల ‘కిక్ కిక్’మంటూ కాకిగూటి చుట్టూ తిరుగుతుంది, గుడ్డు పెట్టాలి కదా! మా వీధి వేపచెట్టు మీద ఈ తంతు ఏటా చూస్తాను. కాకులు తరిమితే ఆకుల్లో దూరి కదలకుండా కూర్చుంటుంది. ఎర్రటి కన్ను ఒక్కటే కనబడుతుంది.

ఆదివారం జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కుకు వెళ్లండి. నగరం నడిబొడ్డున దాదాపు 390 ఎకరాల అడవి అది. దయచేసి ఫోను సంచిలో పెట్టేయండి. నెమలి కేక విని ఆగితే, ఎండుటాకుల మీద దాని అడుగుల చప్పుడూ తెలుస్తుంది.

అమీన్‌పూర్ చెరువు మీకు దగ్గరే. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో పొడుగు కాళ్ల రాజహంసలు అక్కడ దిగడం నా కళ్లారా చూశాను.

ఈలోగా బాల్కనీ గోడ పక్కన మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పెట్టండి. దోమలు చేరకుండా రోజూ మార్చండి. మొదట వచ్చి తాగింది ఏ పిట్టో నాకు తప్పకుండా రాయండి.