ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) సైట్‌లో కూలీలకు జబ్బులు రాకుండా ఏం చేయాలి? మా సైట్‌లో చేసింది ఇదీ

పాత మురుగునీటి శుద్ధి కేంద్రం పక్కన కొత్త ట్యాంకులు కడుతున్నామని, గ్లౌజులు, గంబూట్లు ఇచ్చినా కూలీలకు విరేచనాలు, జ్వరాలు తగ్గడం లేదని మీరు రాశారు. హైదరాబాద్‌లో మూసీ పక్కన అలాంటి సైట్‌లోనే నేను రెండేళ్లు సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేశాను. మొదట్లో మాదీ ఇదే బాధ.

మురుగు ఎక్కువగా చేతుల ద్వారానే నోట్లోకి పోతుంది. రాడ్ బెండింగ్ వాళ్లు గ్లౌజులు వేసుకునే పని చేస్తారు. కానీ ఖైనీ నలపాలన్నా, బీడీ ముట్టించాలన్నా వాటిని తీయాల్సిందే. తీసేటప్పుడే మురుగు వేళ్లకు అంటుతుంది. కడుక్కుందామంటే మా కుళాయి ఎక్కడో గేటు దగ్గర ఉండేది. అంత దూరం ఎవరు నడుస్తారు? తప్పు కూలీలది కాదు, మాది. అందుకే పని జరిగే చోటే నీళ్ల ట్యాంకు, నాలుగు కుళాయిలు, తాడుకు కట్టిన సబ్బులు పెట్టించాం. అన్నం తినే షెడ్డుకు వెళ్లాలంటే ఆ కుళాయిలు దాటే వెళ్లేలా దారి మార్చాం. విరేచనాలు బాగా తగ్గాయి. శానిటైజర్‌ని మాత్రం నమ్ముకోకండి, మురికి చేతుల మీద అది సరిగా పనిచేయదు. పని బట్టలు, బూట్లు సైట్‌లోనే విప్పించండి. క్యాంపు గదుల్లో చిన్నపిల్లలుంటారు.

జ్వరాల్ని తేలిగ్గా తీసుకోకండి. సెంట్రింగ్ పని చేసే ఒక కుర్రాడికి జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి వచ్చాయి. ఆర్‌ఎంపీ మామూలు జ్వరమేనని మాత్రలిచ్చాడు. ఐదో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ "ఎక్కడ పని చేస్తావు?" అని అడిగాకే లెప్టోస్పైరోసిస్ పరీక్ష రాశారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో నిలబడితే, కాళ్ల మీద గీసుకుపోయిన చోట్ల నుంచి లోపలికి పోయే జబ్బు అది. బతికాడు కానీ పది రోజుల కూలి పోయింది. ఆ తర్వాత ప్రతి కూలీకీ ఒకటే చెప్పేవాణ్ణి: డాక్టరుకి ముందు మురుగునీళ్లలో పని చేస్తున్నానని చెప్పు. ఆ సైట్ మానేసి నెల కాకముందే జ్వరమొచ్చినా సరే, చెప్పు.

ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాల గురించి డాక్టర్ని సైట్‌కే పిలిపించి అడగండి. ఖర్చు కాంట్రాక్టర్ పెట్టుకోవాలి, కూలీల జీతంలో కోయకూడదు.

కొత్త పైపులైను పాత మురుగు చాంబర్‌కి కలిపే రోజు ముఖానికి షీల్డు తప్పనిసరి, ఎగిరే తుంపర్లు కళ్లల్లో, నోట్లో పడతాయి. గ్యాస్ చెక్ చేయకుండా చాంబర్ లోపలికి ఎవర్నీ దించకండి. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా దించకండి.