చచ్చిన పిట్టల లెక్క రాసేముందు

తమ్ముడూ,

నీ వ్యాసం రాత్రే చదివాను. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఒడ్డున పడున్న ఆ పిట్ట, రెక్కల నిండా ఇసుక, కళ్ళ చుట్టూ ఈగలు, ఆ పేరా చాలా బాగా వచ్చింది, దాన్ని కదపకు. కానీ కొంచెం కిందకొచ్చేసరికి "వందలాది పక్షులు మృత్యువాత" అని పేపర్ మాట ఒకటి పెట్టేసి ముందుకెళ్ళిపోయావు చూడు, ఈ ఉత్తరం దాని గురించే.

ఎన్ని చచ్చాయో ఒడ్డు చెప్పదు రా. నడిసముద్రంలో చచ్చిన పిట్ట నీ కంటపడాలంటే గాలి ఇటు తిరగాలి, మధ్యలో మునిగిపోకూడదు, చేపలు తినెయ్యకూడదు, ఒడ్డుకొచ్చాక కుక్కలూ కాకులూ వదిలెయ్యాలి, విశాఖ ఆర్కే బీచ్ లాంటి చోటైతే పొద్దున్నే ఊడ్చేవాళ్ళు ఎత్తెయ్యకముందే నువ్వెళ్ళాలి. అందుకని ఆర్కే బీచ్ లో కనపడలేదు కాబట్టి ఏం చావలేదనీ, యారాడలో పడున్నాయి కాబట్టి అక్కడే చచ్చాయనీ రాయకూడదు.

అమెరికా పడమటి తీరంలో 2015-16లో ఏమైందో చూడు. పసిఫిక్ నీళ్ళు మామూలు కంటే బాగా వేడెక్కిపోయాయి, చిన్న చేపలు తగ్గాయి, ఉన్నవీ బక్కచిక్కాయి, కామన్ మర్ అనే పక్షేమో రోజూ తన బరువులో సగం దాకా తింటే గానీ బతకదు. కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా ఒడ్డున దొరికినవి దాదాపు 62 వేలు. అప్పట్లో సైంటిస్టులు మొత్తం 10 లక్షల దాకా పోయుంటాయన్నారు. తర్వాత అవి గుడ్లు పెట్టే కొండల మీద, ముందూ వెనకా ఏళ్ళ లెక్కలు పోల్చి చూస్తే ఒక్క అలాస్కాలోనే సుమారు 40 లక్షలు తగ్గాయని 2024లో తేలింది, అంటే అక్కడున్న వాటిలో సగం! ఒడ్డున దొరికిన 62 వేలకీ ఈ 40 లక్షలకీ మధ్య దూరం ఉంది కదా, నువ్వు రాయాల్సింది ఆ దూరం గురించే.

అక్కడ వాలంటీర్లు పాతికేళ్ళుగా ఎవరి బీచ్ వాళ్ళు నెలనెలా నడుస్తున్నారు, దొరికిన ప్రతి పిట్టనీ కొలిచి, ఫొటో తీసి, మళ్ళీ లెక్కలోకి రాకుండా ట్యాగ్ కట్టి వదిలేస్తారు. మామూలు నెలలో ఎన్ని దొరుకుతాయో తెలుసు కాబట్టే ఈ నెల ఎక్కువని ధైర్యంగా చెప్పగలరు. మన దగ్గర ఆ మామూలు లెక్క ఎవరి దగ్గరుందో ఫారెస్ట్ వాళ్ళని అడుగు, లేకపోతే లేదనే రాయి, అది కూడా వార్తే.

ఇంకోటి, ఎందుకు చచ్చాయన్నది. రొమ్ము ఎముక కత్తి అంచులా పొడుచుకొచ్చి, దానికిరువైపులా కండ కరిగిపోయుంటే తిండి లేక చిక్కిపోయిందన్నమాట, అదే కండ నిండుగా ఉంటే వలలో పడిందా, నూనె అంటిందా, జబ్బా అని చూస్తారు. ఆఫీసర్ చెయ్యాల్సిన పని దీన్ని బట్టే మారిపోతుంది. 2019లో రాజస్థాన్ సాంభర్ సరస్సులో 18 వేలకు పైగా పక్షులు బోటులిజంతో, అంటే ఒక బాక్టీరియా విషంతో పోయాయి, అక్కడ శవాలు తీసెయ్యడమే సగం వైద్యం, ఎందుకంటే వాటి మీది పురుగుల్లో ఆ విషం చేరుతుంది, వాటిని తిన్న పక్షీ పోతుంది. బర్డ్ ఫ్లూ అనుమానముంటే శాంపిల్ భోపాల్ లోని జంతు వ్యాధుల ల్యాబ్ కి వెళ్ళాలి, చుట్టుపక్కల కోళ్ళనీ గమనించాలి. తిండి లేకే అయితే మాత్రం బీచ్ లో చేసేదేం లేదు, చేపల వేట వైపు చూడాలి. కారణం తేలకుండా "అధికారుల నిర్లక్ష్యం" అని రాసెయ్యకు, ఏం చెయ్యాలో నీకే తెలియనప్పుడు వాళ్ళు చెయ్యలేదని ఎలా అంటావు?

ఒక్క అంకె కోసం పాకులాడకు, ఇంత నుంచి ఇంత దాకా అని రాస్తే పాఠకుడు పారిపోడు. ఎవరు నడిచారు, ఎన్ని కిలోమీటర్లు, ఏ రోజు, ముందురోజు గాలి ఎటుంది, ఇవన్నీ పెట్టు. పెదజాలారిపేట వెళ్ళి బోట్ల వాళ్ళతో కూర్చో, లోపల తేలుతున్నవి ఎక్కడ చూశారో, ఎప్పటి నుంచో వాళ్ళనే అడుగు. పిట్టని మాత్రం ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకో చాలు.

ఉంటాను,
అన్నయ్య
పెదవాల్తేరు