ట్రినిడాడ్‌లో ఒక్క రోజు, బీచ్‌లు వద్దనుకుంటే: సమాధానం

కరీబియన్ ద్వీపమైన ట్రినిడాడ్‌లో బీచ్‌లు కాకుండా కరోనీ చిత్తడి నేలలు, లా బ్రే తారు సరస్సు, వాటర్‌లూ గుడి, ఆసా రైట్ ప్రకృతి కేంద్రం ఒక్క రోజులో ఎలా చూడాలని మీరు అడిగారు. ఈ నాలుగు చోట్లు ఒక్క రోజులో ఇమడకపోవడానికి ప్రధాన కారణం, రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు దగ్గరని కరోనీ చిత్తడి నేలలను ఉదయానికే పెట్టుకోవడం. అక్కడ చూడవలసిన స్కార్లెట్ ఐబిస్ అనే ఎర్రటి పక్షులు పగలంతా మేతకు వెళ్లి, పొద్దువాలే వేళకే మడచెట్ల మీదికి గుంపులుగా చేరుతాయి. చాలామంది మరిచిపోయేది ఇదే. కాబట్టి సాయంత్రపు పడవలో ముందుగా చోటు ఖాయం చేసుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్కించండి.

1. ఉదయాన్నే అన్నింటికన్నా దూరమైన లా బ్రేకు వెళ్లండి. సుమారు 100 ఎకరాల ఆ సహజ తారు సరస్సు పైభాగం ఏనుగు చర్మంలా ముడతలు పడి, కొన్నిచోట్ల అడుగు దిగబడేంత మెత్తగా ఉంటుంది. గైడ్ లేకుండా నడవకండి.

2. తిరుగుదారిలో కారపిచైమాలోని 85 అడుగుల హనుమంతుడి విగ్రహాన్ని, దాని సమీపంలోనే వాటర్‌లూ ఊరి సముద్రాలయాన్ని, అంటే సముద్రపు నీటిలో కట్టిన గుడిని చూడండి. చెరకు కంపెనీ స్థలంలో తాను కట్టిన గుడిని కూల్చి తనను జైలుకు పంపినప్పుడు, నేల మీద చోటు లేకపోతే నీటిలోనే కడతానని చెరకు తోట కూలీ సేవదాస్ సాధు సైకిల్ మీద సామగ్రి మోసుకెళ్లి, ఏళ్ల తరబడి శ్రమించి నిర్మించిన గుడి అది; తరువాత 1990లలో దానిని పునర్నిర్మించారు. ఇక్కడ తొందరపడవద్దని నా మనవి.

3. పడవలు సాధారణంగా సాయంత్రం నాలుగు ప్రాంతంలో బయలుదేరుతాయి. మూడున్నరకే కరోనీ చేరుకోండి.

4. ఆసా రైట్ ప్రకృతి కేంద్రం ఉత్తర కొండల్లో, వేరే దిక్కున ఉంది. దానిని ఈ రోజు నుంచి తొలగించండి.