బూమ్ చాచితే బలం తగ్గుతుంది: టెలీహ్యాండ్లర్ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ఫోర్క్‌లిఫ్టుల గురించి రాస్తూ చివర్లో టెలీహ్యాండ్లర్ అని ఒక్క మాట అన్నాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. అన్నిటికీ జవాబు రాయడం నా వల్ల కాదు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: ఎమ్మెస్సీ కోసం ఇంగ్లండ్ వచ్చాను, లింకన్‌షైర్‌లో ఉంటున్నాను. మా ఇంటి వెనక పొలంలో ఒక పసుపు రంగు బండి పొడుగాటి చెయ్యి చాచి గడ్డి బేళ్ళు (మరతో బిగించి కట్టిన మోపులు) పేరుస్తూ ఉంటుంది. వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న ‘జేసీబీ రా అది’ అంటారు, మావయ్య ‘కాదు, క్రేన్’ అంటారు. ఎవరు కరెక్ట్? (లింకన్‌షైర్, ఇంగ్లండ్)

జవాబు: మీ నాన్నగారు సగం కరెక్ట్. పసుపు రంగంటున్నారు కాబట్టి అది జేసీబీ కంపెనీదే అయ్యుండొచ్చు, కానీ మనం జేసీబీ అని పిలిచే బండి కాదు. కంపెనీ పేరుని బండికి తగిలించేయడం మనకి అలవాటు. మట్టి తవ్వే బ్యాక్‌హో లోడర్ జేసీబీ అయిపోయింది, పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరు మన నోట్లో పడి ‘ప్రొక్లెయినర్’ అయింది, ఇప్పుడు ఏ కంపెనీ ఎక్స్‌కవేటర్ కనపడినా అదే అంటాం.

మీరు చూసింది టెలీహ్యాండ్లర్. ఫోర్క్‌లిఫ్ట్‌కి ముందు నిలువు స్తంభం ఉంటుంది, సరుకు దాని వెంట పైకీ కిందకీ మాత్రమే పోతుంది. దీనికి స్తంభం బదులు బండి వెనక భాగంలో మొదలై ముందుకి వచ్చే పొడుగాటి చెయ్యి, అంటే బూమ్ ఉంటుంది. గొట్టంలో గొట్టం దూరినట్టు ఉంటుంది కాబట్టి పైకి లేవడంతో పాటు ముందుకి సాగుతుంది కూడా. చివర ఫోర్కులు తీసేసి బకెట్ పెట్టుకోవచ్చు, బేళ్ళు పట్టుకునే గ్రాబ్ పెట్టుకోవచ్చు, కొక్కెం తగిలించుకోవచ్చు. అలా చూస్తే మీ మావయ్య మాట కూడా పూర్తిగా తప్పు కాదు.

జేసీబీ వాళ్ళు దీన్ని లోడాల్ అనే పేరుతో 1977లో తెచ్చారు. మొదట్లో ఇళ్ళు కట్టే సైట్లలో ఇటుకలు అందించడానికి అనుకున్నారు, కానీ అక్కడి రైతులు చూసి ఇదేదో మనకీ పనికొచ్చేలా ఉందే అని పొలాలకి పట్టుకుపోయారు. ఫ్రాన్స్‌లో మానిటూ, ఇటలీలో మెర్లో కూడా ఈ రంగంలో పెద్ద పేర్లే. నడుము మీద గుండ్రంగా తిరిగే రకాన్ని మెర్లో 1991లో తెచ్చింది.

మన దగ్గర గడ్డివామి వేయాలంటే పైన ఒక మనిషి నిలబడి తొక్కుతూ ఉంటే కింద నుంచి ఇద్దరు ముగ్గురు మోపులు విసురుతారు కదా. మీ వెనక పొలంలో అర టన్ను దాకా ఉండే బేలుని ఒక్క డ్రైవరు సీట్లోంచి దిగకుండా పేర్చేస్తున్నాడు. మీ జిల్లాలోనే స్లీఫర్డ్ అనే ఊళ్ళో ఇలాంటి గడ్డి బేళ్ళనే కాల్చి కరెంటు తీసే ప్లాంట్ ఉంది. వీలుంటే ఆగస్టులో కోతలప్పుడు ఆ దారిన వెళ్ళి చూడండి, నాన్నగారికి ఇంకో వీడియో కాల్ చెయ్యొచ్చు.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ సైట్‌లో సూపర్‌వైజర్‌ని. మూడు టన్నుల టెలీహ్యాండ్లర్ అద్దెకి తెచ్చాం. రెండు టన్నుల టైల్స్ పాలెట్ (సరుకు పేర్చే చెక్క చట్రం) మూడో అంతస్తులో పెట్టమంటే ఆపరేటర్ కుదరదంటున్నాడు, రెండు మూడు ట్రిప్పులుగా విడదీసి ఇస్తే పెడతాడట. అద్దె గంటల లెక్కన, కావాలని సాగదీస్తున్నాడా? (కోకాపేట)

జవాబు: లేదు. ముందు ఆయనకి ఒక టీ ఇప్పించండి.

నీళ్ళ బిందె చంకన పెట్టుకుని ఆడవాళ్ళు అరమైలు నడిచేస్తారు. అదే బిందెని చెయ్యి చాచి ముందుకి పట్టుకోమనండి, పది లెక్కపెట్టేలోపు దించేస్తారు. బిందె బరువు మారలేదు, దూరం మారింది. టెలీహ్యాండ్లర్‌కి కూడా అంతే. ముందు చక్రాల దగ్గర త్రాసు ముల్లు ఉందనుకోండి, వెనక పక్క బండి బరువు, ముందు పక్క మీ టైల్స్. బూమ్ సాగేకొద్దీ టైల్స్ ముల్లుకి దూరమవుతాయి, ఒక దశ దాటాక వెనక చక్రాలు నేల వదిలేస్తాయి. బండి మీద రాసే మూడు టన్నులు బూమ్ పూర్తిగా లోపలికి ఉన్నప్పటి మాట.

ఒక ఉదాహరణ చెప్తాను. జేసీబీలో 541-70 అనే మోడల్ ఉంది. 41 అంటే 4.1 టన్నులు, 70 అంటే 7 మీటర్ల ఎత్తు, పేరులోనే జాతకం ఉంది. అదే బండి పూర్తి ఎత్తులో 2.5 టన్నులే ఎత్తుతుంది, బూమ్ ముందుకి పూర్తిగా చాచినప్పుడైతే 1.5 టన్నులే. అంటే పేరులో ఉన్న బరువులో సగం కూడా లేదు! మీ బండి వేరు, అంకెలు వేరు, కానీ క్యాబిన్‌లో లోడ్ చార్ట్ అని ఒకటి అతికించి ఉంటుంది, అడ్డంగా దూరం, నిలువుగా ఎత్తు, మధ్యలో వంపు గీతలతో గళ్ళు. మీ స్లాబ్ ఎంత ఎత్తు, గోడకి బండి ఎంత దూరంలో ఆగాలి అని చూసి ఆపరేటర్‌తో కలిసి ఆ గడి మీద వేలు పెట్టండి. అక్కడ రాసిందే లెక్క, బిల్లులో రాసింది కాదు. అది కూడా నేల చదునుగా గట్టిగా ఉండి, టైర్లలో గాలి సరిగ్గా ఉంటేనే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఎత్తేటప్పుడు కన్నా దించేటప్పుడే ప్రమాదం ఎక్కువ. దోహాలో ఒక సైట్‌లో నేను మెకానిక్‌గా ఉండగా కళ్ళారా చూశాను. బ్లాకుల పాలెట్ పైకి వెళ్ళింది, పైన చోటు లేదు, వెనక్కి దించమన్నారు, ఆపరేటర్ బూమ్‌ని లోపలికి లాక్కోకుండా ఉన్న పొడుగునే కిందకి వంచడం మొదలెట్టాడు. పైన నిటారుగా ఉన్నప్పుడు పాలెట్ బండికి దగ్గరగానే ఉంది, వంగేకొద్దీ ముందుకి ముందుకి పోయింది. వెనక చక్రాలు జానెడు లేచాయి. అదృష్టం, బ్లాకులు జారి కింద ఇసుకలో పడ్డాయి, బండి ధన్‌మని వెనక్కి కూర్చుంది. ఎవరికీ ఏం కాలేదు. తర్వాత నేను బానెట్ తెరిచి చూస్తే వార్నింగ్ సెన్సర్ వైరు పీకేసి ఉంది, అస్తమానం బీప్ బీప్ అంటోందని ఎవరో తీసేశారట!

ముందు లోపలికి లాగు, తర్వాత దించు. క్యాబిన్‌లో పచ్చ, పసుపు, ఎరుపు లైట్ల పట్టీ ఉంటుంది, ఎరుపు వచ్చిందంటే యూరప్‌లో అమ్మే కొత్త బళ్ళలో బూమ్ చాచడం, దించడం ఆటోమేటిక్‌గా ఆగిపోతాయి, లోపలికి లాగడం మాత్రం పనిచేస్తుంది. మీ బండిలో ఆ లైట్లు వెలుగుతున్నాయో లేదో రేపు పొద్దున్నే చూడండి.

ప్రశ్న: అన్నా, ఆరేళ్ళుగా హైడ్రా నడుపుతున్నాను. గల్ఫ్‌లో టెలీహ్యాండ్లర్ ఆపరేటర్ ఉద్యోగం ఉందని, రెండూ ఒకటేనని ఏజెంట్ అంటున్నాడు. నిజమేనా? (జగిత్యాల)

జవాబు: (హైదరాబాద్ వాళ్ళకి ఒక మాట. తమ్ముడు చెప్పేది చెరువుల దగ్గర కట్టడాలు కూల్చే హైడ్రా గురించి కాదు, పసుపు రంగు క్రేన్ గురించి.)

ఒకటి కాదు తమ్ముడూ. హైడ్రాలో సరుకు కొక్కేనికి వేలాడుతుంది, నువ్వు బ్రేక్ వేసినా అది ఊగుతుంది, ఆ ఊపు నీ చేతికి అలవాటై ఉంటుంది, అది మంచి విద్యే. టెలీహ్యాండ్లర్‌లో సరుకు ఫోర్కుల మీద కూర్చుంటుంది, ఊగదు, కానీ ఫోర్కుల వంపు తేడా వస్తే జారుతుంది. సీటు ఎడమ పక్క, బూమ్ కుడి పక్క. బూమ్ కిందకి ఉన్నప్పుడు కుడివైపు వెనక నీకు దాదాపు ఏమీ కనపడదు, అద్దాలో కెమెరానో చూడాల్సిందే. కుడివైపు తిరిగేటప్పుడు ఒక మనిషిని నిలబెట్టుకోమని నా సలహా.

స్టీరింగ్ కూడా కొత్తగా ఉంటుంది. మూడు రకాలు. ముందు చక్రాలు మాత్రమే తిరిగేది రోడ్డు మీదకి. ముందూ వెనకా ఎదురెదురుగా తిరిగేది ఇరుకు చోట్లకి. నాలుగూ ఒకే వైపు తిరిగి బండి పక్కకి నడిచేది మూడోది, అచ్చం ఎండ్రకాయ నడకే. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే ముందు చక్రాలన్నీ తిన్నగా పెట్టుకోవాలి, లేదంటే వెనక చక్రాలు వంకరగా ఉండిపోయి బండి ఎటు పోతుందో నీకే అర్థం కాదు.

అక్కడ చాలా సైట్లలో థర్డ్ పార్టీ సర్టిఫికెట్ (కంపెనీతో సంబంధం లేని బయటి సంస్థ ఇచ్చేది) లేనిదే తాళం చేతికివ్వరు, అది కూడా టెలీహ్యాండ్లర్ అనే పేరుతో ఉండాలి. వీసా కాగితంలో ఏ పని అని రాశారో చదివించుకో, ఆ తర్వాతే డబ్బు సంగతి. ఇక్కడే ఎక్కడైనా నెల రోజులు బండి మీద కూర్చోగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: ఫోర్కుల మీద పాలెట్ పెట్టి మనిషిని ఎక్కించి ఫ్లెక్సీ కట్టించొచ్చా? (గుడివాడ)

జవాబు: వద్దు. మనుషులకి చుట్టూ కటకటాలతో ప్రత్యేకమైన బాస్కెట్ వస్తుంది, అది కూడా ఆ బండికి సరిపోయేదై ఉండాలి. నాయకుడొస్తే క్రేన్‌కి గజమాల వేలాడదీయడం, జేసీబీ బకెట్లో నిలబడి పూలు చల్లడం చూసీ చూసీ మనకి భయం పోయింది.

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్ళు. ఎక్కడ బండి కనపడినా ఆగిపోతాడు. ఈ టెలీహ్యాండ్లర్ బొమ్మ కావాలని ఒకటే గొడవ. ఏది కొనాలి? ఇంత రేట్లేమిటి? (విజయనగరం)

జవాబు: అమ్మా, వాడు ఆడుకోవడానికైతే ప్లాస్టిక్‌దే కొనండి. జర్మనీ బ్రూడర్ వాళ్ళవి 1:16 సైజులో వస్తాయి, మానిటూ టెలీహ్యాండ్లర్ కూడా చేశారు. అసలు బండి 5 మీటర్లుంటే బొమ్మ 31 సెంటీమీటర్లు ఉంటుందన్నమాట, అంటే మన స్కూలు స్కేలంత. ఇసుకలో ఆడినా, నీళ్ళలో కడిగినా ఏమీ కాదు. సికూ, బ్రిటన్స్ వాళ్ళ 1:32 లోహపు మోడళ్ళు అందంగా ఉంటాయి కానీ అద్దాలు, గొట్టాలు లాంటి చిన్న ముక్కలు వాడి చేతిలో వారం కూడా ఉండవు. ఇంకో రెండేళ్ళు ఆగితే లెగో టెక్నిక్‌లో 42133 అని 143 ముక్కల టెలీహ్యాండ్లర్ ఎక్కడైనా మిగిలి ఉంటే చూడండి, 2022లో వచ్చింది, ఇప్పుడు తయారీ ఆపేశారు, ఏడేళ్ళు నిండిన పిల్లలకి. చక్రం తిప్పితే బూమ్ ఎలా లేస్తుందో వాడి చేత్తో వాడే కట్టుకుంటాడు.

రేట్ల సంగతంటారా, బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. పైగా 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. విదేశం నుంచి నేరుగా తెప్పించుకుందామని నేనొకసారి ఆర్డర్ పెట్టి, పార్శిల్ కస్టమ్స్‌లో ఇరుక్కుని, కొరియర్ వాళ్ళకి రోజూ ఫోన్లు చేసి, చివరికి బొమ్మ ఖరీదు కన్నా టెన్షనే ఎక్కువైంది. ఇక్కడి షాపులో దొరికింది కొనండి.

ప్రశ్న: పాలిటెక్నిక్‌లో పాఠం చెప్తాను. నా దగ్గర 1:32 టెలీహ్యాండ్లర్ మోడల్ ఉంది. దీంతో లోడ్ చార్ట్ పిల్లలకి చూపించొచ్చా? (కాకినాడ)

జవాబు: మాస్టారూ, ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చింది మీదే. ఒక ఆదివారమంతా దీనికే పోయింది.

మోడల్ 32 వంతులు చిన్నదైతే బరువు 32 వంతులు తగ్గదు, పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 32ని మూడుసార్లు గుణించాలి, అంటే 32,768 వంతులు. పైన చెప్పిన 541-70 దాదాపు ఏడున్నర టన్నులుంటుంది. భాగిస్తే సుమారు 230 గ్రాములు. 4.1 టన్నులు 125 గ్రాములవుతుంది, 2.5 టన్నులు 76, ఒకటిన్నర టన్ను 46.

ఇప్పుడు జేబులోంచి పది రూపాయల నాణేలు తీయండి. ఒక్కోటి 7.71 గ్రాములు. 16 నాణేలు పెడితే 4.1 టన్నులు, 10 పెడితే 2.5, 6 పెడితే 1.5. లెక్క ఇంత చక్కగా కుదురుతుందని నేను కూడా అనుకోలేదు. నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు కాబట్టి ఆ సైజులో ఫోర్కుల మీద చిన్న పాలెట్ లాగే కూర్చుంటుంది.

మోడల్‌ని వంటింటి త్రాసు మీద పెట్టండి. తేలిగ్గా ఉంటే వెనక పక్క అడుగున వలకి కట్టే సీసపు గుళ్ళు అతికించి 230 గ్రాములు చెయ్యండి, మీ ఊళ్ళో వాటికేం కరువు. బరువెక్కువగా ఉంటే పర్వాలేదు, నాణేలు అదే నిష్పత్తిలో పెంచుకోండి.  నా మోడల్ బూమ్ లోపల ఉన్నప్పుడు 16 నాణేలకి చలించలేదు. పూర్తిగా చాచి ఒక్కోటీ పెడుతూ పోతే తొమ్మిదో నాణేనికి వెనక టైరు కింద పెట్టిన కాగితం ముక్క లాగితే ఊడి వచ్చేసింది. అసలు బండి పడకముందే చాలా తేడా వదిలి చార్ట్ రాస్తారు కాబట్టి ఆరు దగ్గర పడాలని చూడకండి. ఆ కాగితం ముక్క మాత్రం మర్చిపోవద్దు. టైరు లేవడం కంటికి కనపడే లోపే కాగితం వదులవుతుంది, పిల్లల్లో ఎవరో ఒకరి చేత లాగించండి.

ప్రశ్న: గాజు బీరువాలో రెండేళ్ళుగా పెట్టిన మోడల్ తీయబోతే టైర్లు కింద ప్లాస్టిక్ స్టాండ్‌కి అతుక్కుపోయి మచ్చ పడింది. ఎందుకిలా? (హన్మకొండ)

జవాబు: టైరు మెత్తగా ఉండటానికి కలిపే రసాయనం మెల్లగా బయటికొచ్చి కింద ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. మన వేసవికి ఇంకా త్వరగా. పడిన మచ్చ పోదు. ఇకమీదట ఇరుసుల కింద చిన్న చెక్క ముక్క పెట్టి టైర్లు ఆనకుండా నిలబెట్టండి, లేదా స్టాండ్ మీద గాజు పలక వేయండి. బూమ్ చాచి ప్రదర్శనకి పెట్టారేమో, అది కూడా లోపలికి లాగేయండి, ఏళ్ళ తరబడి చాచి ఉంచితే ప్లాస్టిక్ బూమ్ వంగిపోతుంది.