కార్డును వెనక్కి తిప్పి కూడా ఫొటో తీయండి

ప్రశ్న: మా అబ్బాయి అయిదేళ్లుగా వేరే దేశాల నుంచి పోస్టుకార్డులు తెప్పించుకుని దాచుకుంటున్నాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు కింది అరలోని రెండు ఆల్బమ్‌లు మునిగిపోయాయి. కార్డులు ఒకదానికొకటి అతుక్కుని అలాగే ఎండిపోయాయి. విడదీసే దారి ఉందా? పై అరలో ఉండి బయటపడ్డ 300 కార్డులను కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి?
– ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. ఆ వారం సింగ్‌నగర్‌లో కింది అంతస్తు ఇళ్లు చూసినవాళ్లకు ఆ రెండు ఆల్బమ్‌ల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఉన్నమాట చెప్తాను. నునుపు పూత ఉన్న కార్డులు తడిసి అతుక్కుని ఎండిపోతే చాలావరకు విడిరావు. చేత్తో లాగితే బొమ్మ పొరే ఊడొస్తుంది, కాబట్టి అబ్బాయిని లాగనివ్వకండి. ముందుగా పైకి కనిపిస్తున్న వైపులన్నిటికీ ఫొటోలు తీసేయండి. తర్వాత, బాల్‌పెన్‌తో రాసిన కార్డుల్లో అంత ముఖ్యం కాని ఒక జతను మంచినీళ్ల పళ్లెంలో అరగంట ఉంచి చూడండి. వాటంతటవే జారితే సరే, లేదంటే వదిలేయండి. జెల్ పెన్, ఇంకు పెన్ రాతలున్నవాటిని మాత్రం నీళ్లలో పెట్టొద్దు. అక్షరాలు కరిగిపోవచ్చు.

ఇక ఆ 300 కార్డులు. స్కానర్ ఉంటే 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు పెట్టండి. 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు కార్డుకు 3600 × 2400, అంటే సుమారు 86 లక్షల పిక్సెళ్లు వస్తాయి. స్టాంపు మీది సన్న అక్షరాలు కూడా పెద్దవి చేసి చదువుకోవచ్చు. జేపెగ్‌గా దాచితే బొమ్మకు 4 ఎంబీ అనుకుందాం. రెండు వైపులా కలిపి 600 బొమ్మలు, మొత్తం 2.4 జీబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఇది పడుతుంది. అయితే అందులోనే మీ జీమెయిల్, ఫొటోలు కూడా ఉంటాయి, ఒకసారి చూసుకోండి.

స్కాన్ చేసిన బొమ్మ మీద అలల్లాంటి గీతలు వస్తే స్కానర్ పాడైందని టెన్షన్ పడకండి. అచ్చు బొమ్మ నిజానికి సన్న చుక్కల వరస. స్కానర్ కూడా చుక్కల వరసలోనే చదువుతుంది. ఆ రెండు వరసలూ సరిగ్గా కలవనప్పుడు అలలు కనిపిస్తాయి. సెట్టింగ్స్‌లో డీస్క్రీన్ అనేది ఆన్ చేస్తే పోతాయి. కార్డు వెనుక వైపుకు అది వద్దు, రాత మసకబారుతుంది.

స్కానర్ లేకపోతే ఫోనే చాలు. పొద్దున పూట ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర కార్డును బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, ఫోను వంగకుండా పట్టుకుని తీయండి. మెరుపు కార్డయితే గూగుల్ వారి ఫొటోస్కాన్ యాప్ వాడండి. అది ఒకే కార్డును నాలుగైదు కోణాల్లో తీయించి వెలుతురు మరకలు లేకుండా కలుపుతుంది.

దయచేసి ప్రతి కార్డునూ వెనక్కి తిప్పి కూడా తీయండి. నేను దాచుకోవడం మొదలుపెట్టిన కొత్తలో దాదాపు 40 కార్డులకు బొమ్మ వైపే తీశాను. ఆ కార్డులను గోడకు పెట్టాను. కొన్నేళ్లకు తీసి చూస్తే నాలుగైదింటి వెనుక రాత వెలిసిపోయింది. చర్చి బొమ్మ కావాలంటే నెట్‌లో వంద దొరుకుతాయి. ఒక పెద్దావిడ తన ఊళ్లో ఆ రోజు మంచు ఎంత పడిందో నాకోసం రాసిన నాలుగు వాక్యాలు మాత్రం ఎక్కడా దొరకవు. స్టాంపు, దాని మీది ముద్ర, తేదీ, చేతిరాత అన్నీ ఉన్నది ఆ వైపే.

ఫైలు పేరులో ముందు కార్డు ఐడీ (పోస్ట్‌క్రాసింగ్ సైట్ కార్డుకు ఇచ్చే గుర్తు, దేశం అక్షరాలతో మొదలవుతుంది), తర్వాత అందిన తేదీ, చివర ముందు లేదా వెనుక అని రాయండి. తేదీలో సంవత్సరం మొదట రావాలి, 2023-08-14 అన్నట్టు. అప్పుడు ఏ దేశం కార్డులు ఎప్పుడెప్పుడు వచ్చాయో వెతకడం తేలిక. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి ఆన్‌లైన్‌లో, మూడోది పెన్‌డ్రైవ్‌లో వేసి గుంటూరులోనో ఏలూరులోనో ఉన్న చుట్టాల ఇంట్లో ఉంచండి. ఆల్బమ్ కొనేటప్పుడు పీవీసీ కవర్లు వద్దు, మన ఎండలకు జిగురెక్కి కార్డుకు అంటుకుంటాయి. పాలీప్రొపిలీన్‌వి అడగండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. పోస్ట్‌క్రాసింగ్‌లో చేరాలని ఉంది, కానీ ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఇంటి అడ్రసు ఇవ్వడానికి నాన్నగారు ఒప్పుకోవడం లేదు. అది ఎలా పనిచేస్తుంది?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ నాన్నగారి జాగ్రత్తలో తప్పులేదు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకునే ఇది చదవండి.

పోస్ట్‌క్రాసింగ్ అంటే వేర్వేరు దేశాల అపరిచితులు ఒకరికొకరు పోస్టుకార్డులు పంపుకునే వెబ్‌సైట్. దాన్ని పోర్చుగల్‌కు చెందిన పౌలో మగల్యాయిష్ 2005 జులై 14న మొదలుపెట్టారు. చేరడం ఉచితం. ఖర్చల్లా కార్డుకు, స్టాంపుకు. మీరు అడిగితే సైట్ ఒక సభ్యుడి అడ్రసు, ఒక ఐడీ ఇస్తుంది. మన దేశం నుంచి వెళ్లే కార్డుల ఐడీ ఐఎన్ అనే అక్షరాలతో మొదలవుతుంది. దాన్ని కార్డు మీద తప్పకుండా రాయాలి. కార్డు అందినవాళ్లు ఆ ఐడీని సైట్‌లో నమోదు చేశాక మీ అడ్రసు వేరే దేశంలోని ఇంకొకరికి వెళ్తుంది. అంటే మీరు పంపినవారి నుంచే జవాబు రాదు, ఎక్కడి నుంచి వస్తుందో ముందుగా తెలియదు. నాకు అందులో నచ్చిందే అది. మొదట్లో ఒకేసారి అయిదు కార్డుల వరకే పంపనిస్తారు, అందుతున్నకొద్దీ ఆ హద్దు పెరుగుతుంది.

మీ అడ్రసు అందరికీ కనిపించదు, మీ వంతు కార్డు రాయాల్సినవారికే ఇస్తారు. అదీ ఇబ్బందిగా ఉంటే పోస్టాఫీసులో పోస్ట్‌బాక్స్ గురించి అడగండి. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. వచ్చిన కార్డు ఫొటోను సంతోషంతో ఇన్‌స్టాలో పెడతాం, వెనుక మన ఇంటి నంబరు, పిన్‌కోడ్ సహా ఉంటాయి. కొందరు ఫోనులోని హైలైటర్‌తో అడ్రసు మీద నల్లగా రుద్దేసి సరిపోయిందనుకుంటారు. ఆ రంగు పూర్తిగా మూయదు, బొమ్మ వెలుతురు పెంచితే అక్షరాలు మళ్లీ బయటపడతాయి. అడ్రసు భాగాన్ని క్రాప్ చేసి తీసేయడమే మంచిది.

రష్యాకో చైనాకో పంపేటప్పుడు వాళ్ల లిపిలో ఉన్న అడ్రసును చూసి గీయకండి. కాపీ చేసి, ప్రింట్ తీసి, అతికించండి. దేశం పేరు మాత్రం కింద ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో ఉండాలి, మన దగ్గర వేరుచేసేవాళ్లు చదివేది దాన్నే.

ప్రశ్న: కార్డుల పట్టిక ఎక్సెల్‌లో రాస్తున్నాను. డ్రెస్‌డెన్ పోస్టల్ కోడ్ 01067 అని కొడితే 1067 అయిపోతోంది.
– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఎక్సెల్ దాన్ని అంకె అనుకుని ముందున్న సున్నాను తీసేస్తోంది. ఆ నిలువు వరసను ఎంచుకుని ఫార్మాట్‌ను టెక్స్ట్‌కు మార్చి, మళ్లీ టైప్ చేయండి.

ప్రశ్న: ఒక స్టాంపు మీద హెల్వేషియా అని ఉంది. మ్యాప్‌లో ఆ దేశమే లేదు!
– ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అది స్విట్జర్లాండ్ అండీ. అక్కడ నాలుగు జాతీయ భాషలున్నాయి. ఏ ఒక్క భాషకూ మొగ్గకుండా లాటిన్ పేరు వేసుకుంటారు. సుఓమి అని ఉంటే ఫిన్లాండ్. పేరే లేకుండా రాజు లేదా రాణి తల మాత్రమే ఉంటే బ్రిటన్. అచ్చు అక్షరాలయితే గూగుల్ లెన్స్ చదివి పెడుతుంది. చేతిరాత దగ్గర అది తరచూ తడబడుతుంది. అలాంటప్పుడు ఫోనులో జీబోర్డ్ కీబోర్డుకు ఆ భాష చేర్చి, చేతిరాత ఎంచుకుని, కార్డు మీది అక్షరాలను వేలితో ఒక్కొక్కటే దిద్దండి. ఆలస్యమవుతుంది, కానీ మాట దొరుకుతుంది.